యూకే మెడిసిన్ ఆన్‌లైన్ ఇంటర్వ్యూ భోగి ముందు పడింది, ఎలా ప్రిపేర్ అవ్వాలి?

గోదారి_పిల్ల

అందరికీ నమస్కారం అండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, సీబీఎస్ఈలో పన్నెండో తరగతి చదువుతున్నాను. యూక్యాట్ (యూకే మెడిసిన్ ప్రవేశ పరీక్ష) రాసి, అక్టోబర్ 15 లోపు యూకాస్‌లో (అక్కడి యూనివర్సిటీలకి అప్లై చేసే వెబ్‌సైట్) నాలుగు మెడికల్ స్కూళ్ళకి అప్లై చేశాను, మెడిసిన్‌కి నాలుగుకి మించి పెట్టనివ్వరు కదా. అందులో రెండు చోట్ల నుంచి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. ఒకటి ఎంఎంఐ (మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ), ఇంకోటి ప్యానెల్, రెండూ ఆన్‌లైన్‌లోనే. ఎంఎంఐ సరిగ్గా భోగికి రెండు రోజుల ముందు పడింది, అక్కడ ఉదయం తొమ్మిది గంటలంటే మనకి మధ్యాహ్నం రెండున్నర.

మా ఇంట్లో డాక్టర్లు ఎవరూ లేరు. నాన్న రొయ్యల చెరువులు చేస్తారు. ఇంగ్లండ్‌లో ఉన్న మావయ్య ఈ దారి చూపించారు గానీ ఆయనది సాఫ్ట్‌వేర్, ఇంటర్వ్యూ సంగతి ఆయనకీ తెలియదు. నా క్లాసులో మెడిసిన్ అనుకున్నవాళ్ళంతా నీట్ హడావిడిలో ఉన్నారు, మన దగ్గర ఎంబీబీఎస్‌కి నీట్ ర్యాంకే తప్ప ఇంటర్వ్యూ అనేదే లేదు కాబట్టి మా సార్లని అడిగినా ఏమీ చెప్పలేకపోతున్నారు.

హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు జవాబులు రాసిచ్చి ప్రాక్టీస్ చేయిస్తామంటున్నారు, ఫీజు మాకు చాలా ఎక్కువ, అయినా నాన్న కట్టేస్తానంటున్నారు. కట్టించాలా? నాకున్న అనుభవమల్లా మా పిన్ని ఏఎన్ఎంగా చేసే పీహెచ్‌సీలో సెలవుల్లో కూర్చోవడం, ఆవిడతో ఊళ్ళు తిరగడం. అక్కడి పిల్లలు పెద్ద ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో చేసి వస్తారట, వాళ్ళ ముందు ఇది చెప్పుకోదగ్గదేనా? ఇంకా నా ఇంగ్లీషు. రాయడం బాగానే వస్తుంది, మాట్లాడేటప్పుడు మాత్రం తెలుగులో అనుకుని మార్చుకుంటాను, ఆ గ్యాప్‌లో టెన్షన్ వచ్చేస్తుంది. ఇవి కాక పండగకి మా ఇంటి నిండా చుట్టాలే, వీధి చివర కోడిపందేల బరి కూడా వేస్తారు. ఎలా కూర్చోవాలో అర్థం కావట్లేదు. దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి.


అమలాపురం_టు_యార్క్‌షైర్

ముందుగా కంగ్రాట్స్ అమ్మా. ఇంగ్లండ్‌లో మెడికల్ సీట్లలో విదేశీ విద్యార్థుల వాటా సుమారు 7.5 శాతమే, అందులో రెండు చోట్ల నుంచి పిలుపు రావడం చిన్న విషయం కాదు. మాది అమలాపురం, ఇప్పుడు ఇక్కడ ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్ఎస్‌లో (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) పనిచేస్తున్నాను, మా మెడికల్ స్కూల్ ఎంఎంఐలో అసెసర్‌గా కూర్చుంటుంటాను. ప్రశ్నలు బయటపెట్టకూడదు కాబట్టి అవి చెప్పను, ఎవరైనా లీకైన ప్రశ్నలున్నాయని డబ్బులు అడిగితే వాళ్ళ జోలికి వెళ్ళకు. పద్ధతి మాత్రం చెప్తాను.

ఎంఎంఐ అంటే ఒకే పెద్ద ఇంటర్వ్యూ బదులు వరసగా చిన్న చిన్న ఇంటర్వ్యూలు. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో పుట్టిన పద్ధతి ఇది, 2004లో దాని మీద వాళ్ళ పరిశోధన పత్రం వచ్చాక ప్రపంచమంతా పాకింది. స్కూల్‌ని బట్టి ఐదు నుంచి పది స్టేషన్ల దాకా ఉంటాయి, ఒక్కోటి ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు, మధ్యలో ప్రశ్న చదువుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు. ఆన్‌లైన్‌లో అయితే ఒక బ్రేకవుట్ రూమ్ నుంచి ఇంకో దానికి వాళ్ళే మారుస్తారు. ప్రతి స్టేషన్‌లో వేరే మనిషి ఉంటారు, ముందు స్టేషన్‌లో నువ్వు ఎలా చేశావో వాళ్ళకి తెలియదు. ఇది బాగా గుర్తుపెట్టుకో, ఎందుకంటే రెండో స్టేషన్ చెడిందని మూడో దాంట్లో కూడా దాని గురించే ఆలోచిస్తూ మొహం వేలాడేసుకునే పిల్లల్ని ప్రతి ఏడాదీ చూస్తున్నాను, నాకు చాలా బాధగా ఉంటుంది. నా ముందుకొచ్చేసరికి నువ్వు కొత్త మనిషివి, నా షీట్ ఖాళీగా ఉంటుంది.

కన్సల్టెన్సీకి డబ్బు కట్టకు. రాసిచ్చిన జవాబు రెండో వాక్యానికే పట్టుబడిపోతుంది. చిన్నప్పటి నుంచీ సేవ చేయాలని కల, సైన్స్ అంటే ఇష్టం, ఈ రెండూ కలిసేది మెడిసిన్‌లోనే అని వరసపెట్టి పది మంది చెప్తారు. అప్పుడు నేను అడిగేది ఒకటే, నర్సు కూడా సేవే చేస్తారు కదా, నర్సింగ్ ఎందుకు కాదు? బట్టీ పట్టినవాళ్ళు అక్కడ ఆగిపోతారు. పిన్నితో తిరిగిన నీకు ఆగాల్సిన పనే లేదు, ఏఎన్ఎం ఏం చేస్తారో, డాక్టర్ దగ్గరికి ఏ కేసు పంపిస్తారో, ఎందుకు పంపిస్తారో నువ్వు కళ్ళారా చూశావు. పీహెచ్‌సీ అనుభవం చెప్పుకోదగ్గదేనా అని అడిగావు. చెప్పుకోదగ్గదే. ఎక్కడ చేశావన్నదానికి మార్కులు లేవు, అక్కడ ఏం గమనించావు, దాన్నుంచి ఏం తెలుసుకున్నావు అన్నదానికే మార్కులు.

మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఎథిక్స్‌లో. తెలివి తక్కువై కాదు, మన ఇళ్ళల్లో పద్ధతి వేరు కాబట్టి. ఉదాహరణకి పద్నాలుగేళ్ళ అమ్మాయి ఒంటరిగా వచ్చి గర్భనిరోధక మాత్రలు అడిగింది, అమ్మానాన్నలకి చెప్పొద్దంది. మనకి వెంటనే నోట్లో వచ్చే మాట "తల్లిదండ్రులకి చెప్తాను" అని. ఇక్కడ 1985లో గిల్లిక్ కేసులో ఇచ్చిన తీర్పు ప్రకారం పదహారేళ్ళ లోపు పిల్లలైనా విషయం పూర్తిగా అర్థం చేసుకోగలిగితే తమ వైద్యానికి తామే ఒప్పుకోవచ్చు. డాక్టర్ ఆ అమ్మాయికి అర్థమైందో లేదో చూస్తారు, ఇంట్లో చెప్పమని నచ్చజెప్తారు, ఎవరైనా బలవంతం చేస్తున్నారేమో, వయసులో పెద్దవాడు ఎవరైనా ఉన్నాడేమో మెల్లగా కనుక్కుంటారు, ప్రమాదం ఉందనిపిస్తే అప్పుడు పైవాళ్ళకి చెప్పే దారి వేరు. అలాగే క్యాన్సర్ అని తేలితే "నాన్నగారికి చెప్పకండి డాక్టర్ గారూ, తట్టుకోలేరు" అని కొడుకులు వచ్చి బతిమాలడం మన దగ్గర మామూలు. ఇక్కడ ఆ కబురు మీద మొదటి హక్కు పేషెంట్‌దే. అలాగని మన కుటుంబాలది తప్పని తీసిపారేయకు, వాళ్ళు ప్రేమతోనే అడుగుతారు. ఎందుకు అడుగుతారో తెలిసిన నువ్వు, అయినా పేషెంట్‌ని దాటి ఎందుకు వెళ్ళకూడదో కూడా చెప్పగలిగితే అది ఇక్కడి పిల్లలు చాలామంది చెప్పలేని జవాబు.

చదవాల్సింది పెద్దగా లేదు. జీఎంసీ (ఇక్కడి డాక్టర్లని రిజిస్టర్ చేసే సంస్థ) వాళ్ళ గుడ్ మెడికల్ ప్రాక్టీస్ అనే నియమావళి, 2024 జనవరి 30 నుంచి కొత్తది అమల్లో ఉంది, ఉచితంగా దొరుకుతుంది. ఎన్‌హెచ్ఎస్ ఆరు విలువలు. అటానమీ (తన వైద్యం గురించి పేషెంటే నిర్ణయించుకోవడం), మేలు చేయడం, హాని చేయకపోవడం, న్యాయం అనే నాలుగు సూత్రాలు. ఇంతే. మిగతా టైమంతా నోరు తెరిచి మాట్లాడటానికి పెట్టుకో.


భీమవరం_నాన్న

తల్లీ, మా అబ్బాయికి ఇలాంటి ఇంటర్వ్యూలే మా ఇంట్లోంచి జరిగాయి, అందుకని ఏర్పాట్ల సంగతి నేను చెప్తాను, చదువు సంగతి పై డాక్టర్ గారు చెప్పారు.

భోగి ముందు మీ ఇంట్లో కూర్చోవద్దు. బరి వేస్తే మైకు పెడతారు, చుట్టాల పిల్లలు తలుపు తోసుకుని వస్తారు, పిండివంటల హడావిడిలో మిక్సీ మోగుతుంది, నువ్వు ఎవర్ని ఆపగలవు? పాలకొల్లులోనో భీమవరంలోనో తెలిసినవాళ్ళ అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు గది ఒకటి అడుగు. లేదంటే మీ స్కూల్ ప్రిన్సిపాల్ గారిని అడిగితే పండగ సెలవుల్లో ఖాళీగా ఉన్న గది ఇస్తారు, మన ఊళ్ళల్లో ఇలాంటి వాటికి కాదనేవాళ్ళు తక్కువ. ఎక్కడ కూర్చున్నా ఒక వారం ముందు అదే టైముకి, మధ్యాహ్నం రెండున్నరకే, అదే కుర్చీలో కూర్చుని మావయ్యకి వీడియో కాల్ చేసి చూడు. ఆ టైముకి కిటికీలోంచి ఎండ ఎటు పడుతుందో అప్పుడే తెలుస్తుంది. వెలుతురు మొహం మీద పడాలి, వెనక కిటికీ ఉంటే మనిషి నల్లగా నీడలా కనపడతాడు.

కరెంటు పోతే ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. ఫ్యాను, లైటు ఇన్వర్టర్ మీద ఉంటాయి, నెట్ బాక్స్ పెట్టిన ప్లగ్గు చాలా ఇళ్ళల్లో దానికి కలిపి ఉండదు. లాప్‌టాప్ బ్యాటరీతో నడుస్తూనే ఉంటుంది, వైఫై మాత్రం పోతుంది. మెయిన్ ఆపేసి చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది. రౌటర్‌కి చిన్న యూపీఎస్‌లు విడిగా అమ్ముతారు, అదొకటి కొనమని నాన్నగారికి చెప్పు. కుదిరితే వైఫై కాకుండా రౌటర్ నుంచి లాప్‌టాప్‌కి కేబుల్ వేసుకో. ఇంకో కంపెనీ సిమ్ ఉన్న ఫోన్‌లో హాట్‌స్పాట్ రెడీగా పెట్టి, లాప్‌టాప్‌లో దాని పాస్‌వర్డ్ ముందే కొట్టి ఉంచు. లైన్ తెగితే ఏ నంబరుకి ఫోన్ చేయాలో ఏ మెయిల్ రాయాలో వాళ్ళు పంపిన లెటర్‌లో ఉంటుంది, దాన్ని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి నాన్నగారి చేతికివ్వు, ఆయన బయట కూర్చుంటారు. గదిలోకి మాత్రం ఎవరూ రాకూడదు.

రొయ్యల రైతు కూతురివి. నాన్నగారి పని గురించి అడిగితే సిగ్గుపడకుండా చెప్పు తల్లీ, నేనూ చెరువులు చేసేవాణ్ణే.


కాకినాడ_ఎండీ

కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదివి ఇప్పుడు ఇక్కడే ప్రాక్టీస్ చేస్తున్నాను. పైన చెప్పినవన్నీ సబబుగానే ఉన్నాయి. రెండు విషయాలు కలుపుతాను, ఒకచోట కొంచెం విభేదిస్తాను.

మొదటిది, ఎవరూ ఎత్తలేదు గానీ చాలా ముఖ్యం. యూకే వెళ్ళినా సరే నీట్ రాసి క్వాలిఫై అవ్వమ్మా. విదేశంలో మెడిసిన్ చేసి తిరిగొచ్చి ఇక్కడ రిజిస్టర్ అవ్వాలంటే నీట్ క్వాలిఫై అయి ఉండాలి. 2021 ఎన్ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లీషు మీడియంలో ఉండాలి, అక్కడే పన్నెండు నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి, తర్వాత ఇక్కడి లైసెన్స్ పరీక్ష, మళ్ళీ ఇక్కడ ఏడాది ఇంటర్న్‌షిప్. పద్దెనిమిదేళ్ళ వయసులో తిరిగి రానని అనుకోవడం తేలిక, పదేళ్ళ తర్వాత అమ్మానాన్నలకి నువ్వు అవసరమైనప్పుడు ఆ తలుపు మూసి ఉంటే తట్టుకోవడం కష్టం. మంచి ర్యాంకు అక్కర్లేదు, క్వాలిఫై అయితే చాలు.

రెండోది ఆర్ఎంపీల సంగతి. పల్లెటూరి ఆరోగ్యం గురించి మాట్లాడితే ఆ మాట తప్పకుండా వస్తుంది. విభేదించేది ఇక్కడే, నాన్నగారి పని గురించి సిగ్గుపడకుండా చెప్పమన్నారు పైన, ఆర్ఎంపీల విషయంలో అది ఒక్కటే చాలదు, ఆలోచించి చెప్పాలి. "మా ఊళ్ళో డిగ్రీ లేని డాక్టర్లు వైద్యం చేస్తారు" అని ఊరికే అనేసి వదిలేస్తే అవతలివాళ్ళకి ఏమీ అర్థం కాదు. రాత్రి పదింటికి జ్వరమొస్తే ఇంటికొచ్చేది ఆయనే, డబ్బులు పంట చేతికొచ్చాక తీసుకునేది ఆయనే, పేరు పెట్టి పిలిచేదీ ఆయనే. అదే మనిషి మామూలు జలుబుకి కూడా యాంటీబయాటిక్ ఇంజెక్షన్, ఒళ్ళు నొప్పులకి స్టెరాయిడ్ ఇస్తారు, మేం ఇక్కడ ఆసుపత్రిలో చూసేది ఆ తర్వాత వచ్చే కాంప్లికేషన్లని. జనం ఎందుకు వెళ్తారు, దాంతో ప్రమాదమేంటి, రెండూ చెప్పి, పీహెచ్‌సీ సాయంత్రం తర్వాత కూడా అందుబాటులో ఉంటే ఏం మారుతుందో నీ అభిప్రాయం చెప్పు. డాక్టర్ దగ్గరికి చేరుకోవడమే కష్టమవడం యూకేలోనూ పెద్ద చర్చే, అక్కడ జీపీ (ఫ్యామిలీ డాక్టర్) అపాయింట్‌మెంట్ కోసం, ఆపరేషన్ కోసం ఎదురుచూపులు. కాబట్టి నువ్వు చెప్పేది వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది.

చెరువుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. యాంటీబయాటిక్ రెసిస్టెన్స్ గురించి అడిగే అవకాశం చాలా ఉంది, యూకే ప్రభుత్వం 2024 నుంచి 2029 దాకా దాని మీద ఒక జాతీయ ప్రణాళికే నడుపుతోంది. 2016లో అక్కడే వచ్చిన ఓనీల్ నివేదిక ఇలాగే వదిలేస్తే 2050 నాటికి ఏటా కోటి మంది చనిపోవచ్చని అంచనా వేసింది. ఈ అంకెలు అందరూ చెప్తారు. రొయ్యల పెంపకంలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు మన దేశంలో నిషేధమని, ఎగుమతి సరుకులో అవశేషాలు దొరికితే కంటైనర్ వెనక్కొస్తుందని, ఆ దెబ్బ రైతుకెలా తగులుతుందో నీలా ఇంట్లో చూసి చెప్పగలిగేవాళ్ళు ఆ రోజు ఇంకెవరుంటారు? మన దగ్గర 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 కింద కొన్ని యాంటీబయాటిక్స్ అమ్మితే మందుల షాపు రిజిస్టర్‌లో రాయాలి, అయినా చీటీ లేకుండా ఎలా దొరుకుతున్నాయో నీకూ తెలుసు. మనుషులకి వాడే మందు, చెరువులో వాడే మందు, కాలవ నీళ్ళు, ఈ మూడింటినీ కలిపి ఆలోచించడాన్నే వన్ హెల్త్ అంటారు. నాన్నగారితో ఒక సాయంత్రం కూర్చుని, సీడ్ వేసిన దగ్గర్నుంచి పట్టుబడి దాకా ఏ దశలో ఏం వేస్తారో, ఎవరు చెప్తే వేస్తారో అడిగి తెలుసుకో.


తణుకు_టీచర్

ఇంగ్లీషు గురించి అమ్మాయి అంత బెంగపడుతోంది కాబట్టి రాస్తున్నాను. ఇంగ్లీషు చెప్పడమే నా పని. యాస మార్చుకోవాలని చూడకు. ఇంటర్వ్యూ కోసం అరువు తెచ్చుకున్న యాస మూడో నిమిషంలో జారిపోతుంది, అప్పుడు ఇంకా కంగారు. మార్చుకోవాల్సింది వేగం. మనవాళ్ళు టెన్షన్ వచ్చేకొద్దీ వేగం పెంచుతారు, లైన్‌లో ఆ వేగానికి చివరి మాటలు కొట్టుకుపోతాయి.

తెలుగులో అనుకుని మార్చుకోవడం కూడా తప్పేం కాదు, పెద్ద వాక్యం అనుకుని మార్చబోతేనే చిక్కు. చిన్న వాక్యాలు అనుకో. ప్రశ్న విన్నాక ఒక్క క్షణం ఆలోచించుకుంటానని చెప్పి ఆగు, ఎవరూ ఏమీ అనుకోరు. ప్రశ్న సరిగ్గా వినపడకపోతే మళ్ళీ చెప్పమని అడుగు, వినపడనిదానికి జవాబు చెప్పడం కన్నా అది వంద రెట్లు నయం.

రోజూ ఫోన్‌లో నిన్ను నువ్వు రికార్డ్ చేసుకో. మొదటిసారి బొమ్మ చూడకుండా గొంతు మాత్రమే విను, రెండోసారి గొంతు కట్టేసి బొమ్మ మాత్రమే చూడు. కళ్ళు ఎటు పోతున్నాయో రెండోసారి తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో అవతలి మనిషి కళ్ళల్లోకి చూడటమంటే కెమెరా చుక్కలోకి చూడటమే, స్క్రీన్ మీద వాళ్ళ మొహం చూస్తుంటే వాళ్ళకి నువ్వు కిందకి చూస్తున్నట్టుంటుంది. లాప్‌టాప్ కింద నాలుగు పుస్తకాలు పెట్టి కెమెరాని కళ్ళ ఎత్తుకి తెచ్చుకో. నీ మొహం నీకే కనపడే చిన్న బాక్స్ దాచేసే వీలుంటే దాచెయ్, లేకపోతే చూపు దాని మీదకే పోతుంది.


గోదారి_పిల్ల

అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండి, నాన్నకి చదివి వినిపించాను, కన్సల్టెన్సీ మాట మానేశారు. స్కూల్‌లో గది కూడా ఇస్తామన్నారు.

డాక్టర్ గారూ, ఏం గమనించావు అన్నదానికే మార్కులు అన్నారు కదా, నాకు గుర్తున్నది ఒకటి రాస్తాను, పనికొస్తుందో లేదో చెప్పండి. జూలైలో గోదారి పెరుగుతోందని తెలిసినప్పుడు, లంకల్లో నెలలు నిండిన ఆడవాళ్ళని ముందే ఆసుపత్రికి తరలించాలని పిన్ని వాళ్ళకి చెప్పారు. ఆశా వర్కర్ దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది, అందులో ఎవరికి ఏ తేదీకి నెలలు నిండుతాయో వరసగా రాసుంది. నేను పిన్నితో పడవలో వెళ్ళాను. ఒకావిడ రానంది. నీళ్ళు ఇంకా దూరంగానే ఉన్నాయి, మాకు వరద కొత్తా అంది. అక్కడున్నవాళ్ళు ఆవిడ మీద కేకలేశారు, పిల్లకేమైనా అయితే ఎవరిది బాధ్యత అని. పిన్ని మాత్రం ఏమీ అనకుండా అరుగు మీద ఆవిడ పక్కన కూర్చుని గేదెలెన్ని ఉన్నాయి అని అడిగింది. రెండు, ఒకటి పాలిచ్చేది. మొగుడు పనికి హైదరాబాద్ వెళ్ళాడు, అత్తగారికి కళ్ళు సరిగ్గా ఆనవు, ఆవిడ వచ్చేస్తే గేదెల్ని గట్టెక్కించేవాళ్ళు లేరు. పిన్ని ఆవిడ మరిదికి ఫోన్ చేసి మాట్లాడింది, అతను సాయంత్రానికి గేదెల్ని ఏటిగట్టు మీదకి తోలుకెళ్తానన్నాక ఆవిడే లేచి సంచి సర్దుకుంది. నేను చేసిందల్లా ఆ సంచి పట్టుకోవడం, బీపీ రిజిస్టర్‌లో రాయడం.

ఇది చిన్న విషయమే కదా, నేను చేసిందేమీ లేదు. ఇంకాస్త పెద్దగా చెప్పాలా?


అమలాపురం_టు_యార్క్‌షైర్

అమ్మా, ఇందులో ఒక్క ముక్క పెంచకు. నేను అసెసర్‌గా కూర్చున్న స్టేషన్‌లో ఇది వింటే పెన్ను పక్కన పెట్టి వింటాను.

నువ్వు ఏమీ చేయకపోవడమే ఇందులో మంచిది. పదిహేడేళ్ళ పిల్ల ప్రాణాలు కాపాడిందని చెప్తే ఎవరూ నమ్మరు, నమ్మాల్సిన అవసరమూ లేదు. నువ్వు చూసింది చూడు. అక్కడున్నవాళ్ళందరూ ఆవిడకి ప్రమాదం తెలియదనుకున్నారు. ఆవిడకి తెలుసు, ఆవిడ రాకపోవడానికి కారణం వేరే ఉంది. మీ పిన్ని ఆ కారణం అడిగింది. ఇంగ్లీషులో ఎథిక్స్ పుస్తకాలు అటానమీ అని పేజీలు పేజీలు రాసేది ఇదే, పేషెంట్ వద్దన్నప్పుడు బలవంతమూ పెట్టకుండా, నీ ఇష్టం అని వదిలేసి వెళ్ళిపోకుండా, ఎందుకు వద్దంటున్నారో కనుక్కుని ఆ అడ్డు తీసేయడం.

చెప్పేటప్పుడు రెండు నిమిషాలు దాటనివ్వకు. వరద, లంక, నెలలు నిండినవాళ్ళని తరలించడం అనే నేపథ్యం రెండు వాక్యాల్లో అయిపోవాలి. లంక అంటే వాళ్ళకి తెలియదు, నది మధ్యలో మట్టి మేటవేసి ఏర్పడిన ఊళ్ళు అని చెప్పు. ఆవిడ పేరు, ఊరి పేరు చెప్పకు, గోప్యత తెలుసునని అక్కడే తెలిసిపోతుంది. తర్వాత కేకలేసినవాళ్ళు, పిన్ని అడిగిన ప్రశ్న, గేదెల సంగతి. గేదెల్ని వదిలేయకు, సిగ్గుపడి దాన్ని "కుటుంబ సమస్యలు" అని మార్చేస్తే చప్పగా అయిపోతుంది. చివర్లో నీకు ఏం తెలిసింది, దాని వల్ల తర్వాత నువ్వు ఏం మార్చుకున్నావు. ఈ రెండోది చాలామంది మర్చిపోతారు. ఆ తర్వాత పీహెచ్‌సీలో ఎవరైనా మాత్రలు మానేశారని తెలిసినప్పుడు నువ్వు వాళ్ళతో ఎలా మాట్లాడావో గుర్తు తెచ్చుకో, నిజంగా ఏమైనా ఉంటేనే చెప్పు.

నేను అడగబోయే ఎదురు ప్రశ్న కూడా ఇప్పుడే చెప్పేస్తా: మరిది ఒప్పుకోకపోయి ఉంటే? ఆవిడ ఎంత చెప్పినా రానంటే మీ పిన్ని ఏం చేయాలి? దీనికి సరైన జవాబు ఒకటే అని లేదు. పైకి చెప్పుకుంటూ ఆలోచించు, నాకు కావాల్సింది నీ ఆలోచన నడిచే తీరు. మీ పిన్నిని కూడా అడుగు, ఆవిడకి ఇలాంటివి ఎన్నో జరిగుంటాయి.


సెకండియర్_అక్క

చెల్లీ, నేను రాజమండ్రి, ఇప్పుడు యూకేలో మెడిసిన్ రెండో సంవత్సరం. నా ఇంటర్వ్యూలు కూడా ఆన్‌లైన్‌లోనే అయ్యాయి. పెద్దవాళ్ళు చెప్పని ఒకటి రోల్ ప్లే. ఒక యాక్టర్ స్క్రీన్ మీదకి వస్తారు, నీకు ముందే ఒక సందర్భం ఇస్తారు. పక్కింటావిడ ఊరెళ్తూ కుక్కని నీకు అప్పగించింది, అది తప్పిపోయింది, ఆవిడ తిరిగొచ్చింది, ఇప్పుడు చెప్పు, ఇలాంటివి. మన పిల్లలం సారీ చెప్పేసి వెంటనే పరిష్కారాల్లోకి దూకేస్తాం, పోస్టర్లు వేద్దాం, వెతుకుదాం అని. ఆవిడ ఏడుస్తుంటే మనం పోస్టర్ల గురించి మాట్లాడుతుంటాం. ముందు ఆవిడని కూర్చోమను, విషయం సూటిగా చెప్పు, చెప్పాక నోరు మూసుకో. ఆ నిశ్శబ్దం ఆన్‌లైన్‌లో రెట్టింపు పొడుగ్గా అనిపిస్తుంది, లైన్ తెగిందేమో అని భయమేస్తుంది, అయినా ఆగు. ఎదురుగా ఉంటే భుజం మీద చెయ్యి వేయొచ్చు, నీళ్ళు అందించొచ్చు, స్క్రీన్‌లో అవేవీ లేవు కాబట్టి అన్నీ గొంతుతోనే చూపించాలి. మీ పిన్ని అరుగు మీద కూర్చుంది చూడు, ఆ పని గొంతుతో చేయాలన్నమాట.

ప్యానెల్ ఇంటర్వ్యూ వేరే రకం. ఇద్దరు ముగ్గురు కలిసి ఇరవై నిమిషాలో అరగంటో ఒకే ధారగా మాట్లాడతారు, నీ పర్సనల్ స్టేట్‌మెంట్‌లో రాసిన ప్రతి ముక్కనీ పట్టుకుని లాగుతారు. 2026 అడ్మిషన్ల నుంచి అది మూడు ప్రశ్నలుగా మారింది కదా, నువ్వు రాసిన మూడు జవాబులూ ప్రింట్ తీసుకుని ప్రతి వాక్యం పక్కన "ఎందుకు?" అని రాసి చూసుకో. చదివానని రాసిన పుస్తకం ఏదైనా ఉంటే మళ్ళీ చదువు. ఇంకా యూకేనే ఎందుకు అని తప్పకుండా అడుగుతారు. ఇండియాలో సీటు కష్టం కాబట్టి అనే జవాబు చెప్పకు. ఎన్‌హెచ్ఎస్ 1948 జూలై 5న మొదలైంది, డబ్బు అడక్కుండా అందరికీ వైద్యం అనే ఆలోచన మీద నడుస్తోంది, మన ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది, అది పెద్ద జబ్బులకి కార్డు మీద ఆసుపత్రి ఖర్చు భరించే పద్ధతి. ఈ రెండింటికీ తేడా ఏంటో, దేంట్లో ఏది బాగుందో సొంతంగా ఆలోచించుకుని వెళ్ళు. ఏదో ఒకదాన్ని పొగడాలని లేదు.

నోట్స్ స్క్రీన్ చుట్టూ అంటించుకోకు, చాలా స్కూళ్ళు ఒప్పుకోవు, కళ్ళు కదిలితే ఇట్టే తెలిసిపోతుంది. ఖాళీ కాగితం ఉంచుకోవచ్చో లేదో వాళ్ళ మెయిల్‌లో చూడు. పాస్‌పోర్ట్ టేబుల్ మీదే పెట్టుకో, మొదట్లోనే చూపించమంటారు.

మాక్ ఇంటర్వ్యూ కావాలంటే నేను చేస్తాను. శనివారం నాకు ఉదయం పది, నీకు మధ్యాహ్నం మూడున్నర. నా ఫ్రెండ్స్ ఇద్దరు కూడా వస్తామన్నారు, ఒకమ్మాయిది గ్లాస్గో, ఆ యాస అర్థం చేసుకోవడం కూడా నీకు ప్రాక్టీసే. ఐదు స్టేషన్లు పెడతాం, మధ్యలో ఆపం, అయ్యాక ఒక్కోదాని మీద మాట్లాడదాం. మెసేజ్ పెట్టు, లింక్ పంపిస్తాను.


గోదారి_పిల్ల

అక్కా, మెసేజ్ పెట్టాను. శనివారం మూడున్నరకి స్కూల్ గదిలోంచే కూర్చుంటాను, నాన్న రౌటర్ యూపీఎస్ తెచ్చారు, దాన్ని కూడా ఆ రోజే పరీక్షిస్తాం. డాక్టర్ గారూ, పిన్నిని అడిగాను. మరిది ఒప్పుకోకపోయి ఉంటే ఏం చేసేదానివి అంటే, ఆవిడని ఒప్పించేదాకా పడవ పంపేసి నేను అక్కడే ఉండేదాన్ని, మళ్ళీ ట్రిప్పుకి వచ్చేవాళ్ళం అంది. అప్పటికీ రాకపోతే అంటే, ఫోన్ ఛార్జింగ్ ఉందో లేదో చూసి, నొప్పులు మొదలైతే ఏం చేయాలో అత్తగారికి చెప్పి, పక్కింటివాళ్ళ నంబరు రాసుకుని, పైవాళ్ళకి చెప్పి వచ్చేదాన్ని అంది. ఇది ఇంగ్లీషులో చెప్పడం ఇవాళ్టి నుంచి మొదలుపెడుతున్నాను.